అత్తకి పోయాల్సిన కుండ

వెలగలోవ,
మార్చి 9

తమ్ముడు ధీరజుకి,

అత్త పోయింది. మొన్న ఆదివారం పొద్దున్నే అంబలి తాగి, గిన్నె కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్ళీ లేవలేదు. నాకు అత్తగారు, నీకు మేనత్త. అమ్మ పోయాక నీకు అన్నం పెట్టిన మనిషి. ఈ కబురు నీకు ఎలా రాయాలో తెలియక కాగితాలు పాడుచేశాను.

మన కొండ మీద ఇప్పటికీ సిగ్నలు లేదు. సుబ్బరామయ్య మేష్టారు సంతరోజున మారేడుమిల్లి దిగినప్పుడు ఈ కాగితం ఫొటో తీసి నీకు పంపుతారు. నువ్వు కూడా చేత్తో రాసి ఫొటో పంపు. ఆయన ఫోను నా చేతికిచ్చి, నేను చదివినంతసేపూ బయట అరుగు మీద కూర్చుంటారు. అంత మర్యాద తెలిసిన మనిషి, నువ్వు ఏం రాసినా పర్వాలేదు.

మీ బావకి మేష్టారే ఫోనులో చెప్పారు. సెలవు అడిగితే తోట యజమాని ఇవ్వనన్నాడు. ఇది ఖర్జూరం చెట్లకి పుప్పొడి కట్టే కాలమట, చెట్టెక్కేవాణ్ణి ఇప్పుడు వదలరట. నువ్వే కదా సౌదీలో ఆ హుఫూఫు తోటలో పని చూసిపెట్టావు. ఇక్కడ జీలుగు చెట్లెక్కి కల్లు గీసిన మనిషి అక్కడా చెట్లే ఎక్కుతున్నాడు, దాని గురించి నాకేం బాధ లేదు. తల్లి పోయినా దిగనివ్వకపోవడమే బాధ.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఇంజినీరువి, మరిచిపోయి ఉంటావు కాబట్టి విడమరిచి రాస్తున్నాను. కొడుకు తన చేత్తో కర్రపెండలం ఉడకబెట్టి, మెదిపి, మొలకెత్తిన చోళ్ళ పిండి కలిపి కుండకి గుడ్డ కట్టాలి. తెల్లారేసరికి తీపెక్కుతుంది. ఆ తియ్యటిదే తీసుకెళ్ళి చెట్టు మొదట్లో తల్లికి పోయాలి. మూడోనాటికి పులిసి మత్తెక్కేది బతికున్నవాళ్ళకి. పోయినవాళ్ళకి తీపే పోయాలి. అది పోసేదాకా మన ఇంట్లో ఎవరూ కొత్త మామిడికాయ కొరకకూడదు, విత్తనాల బుట్ట ముట్టకూడదు. అత్తకి ఒక్కడే కొడుకు, ఇంకొకరు చెయ్యడానికి లేదు.

ఏ దేశపు నేలైనా ఫరవాలేదని ఊరికి పెద్దయిన పెద్దకాపే అన్నాడు. మీ బావ ఉండే గదిలో పొయ్యి ఒక్కటి, మనుషులు పదిమంది. అందుకని రంజాను సెలవలకి ఆయన్ని నీ ఇంటికి పిలిపించు. ఒక గిన్నె, ఒక పొయ్యి, ఒక్క రాత్రి. నీ మేనత్తకి నువ్వు చేసేది అంతే.

అక్క,
కన్నమ్మ


మలాజ్, రియాద్,
మార్చి 18

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చూశాను. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. హాస్టలు నుంచి పారిపోయి వచ్చినప్పుడల్లా అత్త నన్ను దాచిపెట్టి, మర్నాడు తనే చెయ్యి పట్టుకుని దించి వచ్చేది. దారిపొడవునా తిట్టేది, గేటు దగ్గర ఏడ్చేది.

బావని తప్పకుండా రమ్మన్నాను. హుఫూఫు నుంచి రైలుంది, స్టేషనుకి నేనే వెళతాను. కర్రపెండలం ఇక్కడ మలయాళీల కొట్టులో దొరుకుతుంది, మట్టి అంటుకుని ఉన్నదే. చోళ్ళు, అదే రాగులు, బత్తా బజారులో తెచ్చి మొలక కట్టి ఉంచుతాను. ఒక్క రాత్రి సంగతే కదా, ఏ ఇబ్బందీ లేదు. నా పని నీకు తెలుసు కదా, పళ్ళరసాల కంపెనీ ల్యాబులో రోజంతా ఏ రసం పులిసింది, ఏది పులవలేదు అని చూడటమే. మన ఇంటి కుండ చూడలేనా.

బావకి ఒక మాట చెప్పు. వచ్చేటప్పుడు ప్యాంటు, చొక్కా వేసుకుని రమ్మను. ఇది ఫ్లాటు, పైనా కిందా కుటుంబాలుంటాయి. మా సీనియరు హేమసుందర్ గారు కూడా ఇదే వీధిలో ఉంటారు. నాకు ఈ ఉద్యోగంలో పెద్ద దిక్కు ఆయనే. ఆయన భార్య రిషిత గారు ప్రతి పండక్కీ ఏదో ఒకటి వండి పంపుతారు. మంచివాళ్ళు.

పిల్లలకి ముద్దులు. నువ్వు అన్నం మానెయ్యకు.

తమ్ముడు,
ధీరజ్


మలాజ్, రియాద్,
ఏప్రిల్ 5

అక్కా,

బావ వచ్చాడు, వెళ్ళాడు. పని అయింది. ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక్కడ అప్పుడే ఎండ మొదలైంది. కొత్త మెట్రోలో బావని రెండు స్టేషన్లు తిప్పాను, డ్రైవరు లేకుండా నడిచే బండి అంటే నమ్మలేదు, ముందు పెట్టెలోకి వెళ్ళి అద్దంలోంచి చూసి వచ్చాడు. చిక్కాడు కానీ ఆరోగ్యంగానే ఉన్నాడు. చేతులు బాగా కాయలు కాశాయి. తోటలో తనతో ఉండే నబీ రసూల్ అనే కడపతను వంట బాగా చేస్తాడట.

పిల్లలకి బట్టలు కొన్నాను. ఎవరైనా ఊరికి వెళ్ళేవాళ్ళుంటే పంపుతాను. పాపకి కొలత సరిపోతుందో లేదో, ఇప్పుడు ఎంత ఎదిగిందో రాయి. చిన్నవాడికి చెప్పులు కూడా తీసుకున్నాను. మేష్టారిని అడిగినట్టు చెప్పు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేకపోతున్నాను.

తమ్ముడు,
ధీరజ్


వెలగలోవ,
ఏప్రిల్ 25

బంగారు తమ్ముడికి,

పని అయింది అని రెండు ముక్కలు రాసి చెప్పుల దగ్గరికి వెళ్ళిపోయావు. నువ్వు రాయనిదంతా మీ బావ చెప్పాడులే. సంతరోజున నేను కూడా మేష్టారి వెంట దిగి, ఆయన ఫోనుతో మాట్లాడాను.

నువ్వే పార్కు వెతికి, నువ్వే చెట్టు చూపించావట కదా. గిన్నె నువ్వే మోసుకొచ్చావట. ఆయన పోస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని, ఆయన కంటే ముందు నువ్వే "అత్తా, తాగు" అన్నావట. అది చెప్పి మీ బావ, "నీ తమ్ముడు చదువుకుని మారిపోయాడనుకున్నాను కన్నమ్మా, ఏం మార్లేదు" అన్నాడు. నేను సంతలో అందరి మధ్యా నిలబడి ఏడ్చాను. మిరపకాయలమ్మే ముసలమ్మ నాకేదో అయిందని నీళ్ళిచ్చింది.

నిజం చెబుతున్నాను, నీ గురించి నాకు బెంగగా ఉండేది. ప్యాంటు వేసుకుని రమ్మను అని రాశావు చూడు, అది చదివి రెండు రోజులు ముల్లులా గుచ్చుకుంది. మీ బావకి ఆ మాట చెప్పనే లేదు. ఇప్పుడు అనిపిస్తోంది, నేనే తప్పుగా అనుకున్నానని. నన్ను క్షమించు.

మామిడి కొత్త తిన్నాం. మన ఇంటి కోసం ఊరంతా ఆగి ఉంది తెలుసా, ఎవరూ ముందు తినలేదు. పెద్దకాపు మొదటి కాయ కోసి, అందరి ముందూ నీ పేరు చెప్పి, ఒక ముక్క ఆకులో పక్కన పెట్టించాడు. దేశం కాని దేశంలో మేనత్తకి చెట్టు వెతికిన పిల్లవాడు అన్నాడు. పాప ఆ ముక్క చుట్టూ తిరిగి, మామయ్య రాడు కదా నేను తినేస్తా అని తినేసింది. జూన్‌లో చినుకు పడగానే విత్తనాల బుట్ట దించుతాను.

అక్క,
కన్నమ్మ


మలాజ్, రియాద్,
మే 9

అక్కా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. జవాబు మొదలుపెట్టి మానేస్తూ వచ్చాను.

బావ నీకు చెప్పింది నిజం కాదు. పార్కు లేదు, చెట్టు లేదు. అత్తకి పోయలేదు. నా మీద నీకు కోపం రాకూడదని బావ అలా చెప్పి ఉంటాడు. నేను కూడా పని అయిందని రాశాను, అది అబద్ధం. కానీ నువ్వు ఈ దేశం సంగతి అర్థం చేసుకోవాలి. ఇంట్లో కల్లు లాంటిది ఏదైనా దొరికిందంటే జైలు, ఆ తర్వాత దేశం దాటిస్తారు, మళ్ళీ రానివ్వరు. బావ కూడా నాతో పాటే పోతాడు. బయటివాళ్ళకి వాసన తెలిసింది. ప్రమాదం అనిపించి కుండ పారబోయాల్సి వచ్చింది. అంతకు మించి ఏం లేదు. చట్టం ముందు మనం ఏం చెయ్యగలం.

మీరు మామిడి తినేశారని చదివినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. పెద్దకాపుకి ఏం చెబుతావో నీ ఇష్టం. తప్పు నాది కాదు, ఇక్కడి పరిస్థితిది అని చెప్పు.

తమ్ముడు,
ధీరజ్


వెలగలోవ,
మే 16

ధీరజూ,

ఏ రోజు పారబోశావు?

కన్నమ్మ


మలాజ్, రియాద్,
మే 23

అక్కా,

మొదటి రోజే. తీపెక్కక ముందే. ఇంకా వెచ్చగా ఉంది.

అందులో మత్తు లేదు. ఉడికిన పెండలం, చోళ్ళ పిండి, నీళ్ళు. ఏ పోలీసు వచ్చి చూసినా పట్టుకోవడానికి అందులో ఏమీ లేదు. అది నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ వీధిలో లేరు, నా ఉద్యోగమే అది. చట్టం అని నీకు రాసేటప్పుడు కూడా నాకు తెలుసు. నువ్వు ఆ ఒక్క ప్రశ్న అడుగుతావని మాత్రం అనుకోలేదు.

జరిగింది రాస్తాను. మేష్టారు ఈసారి అరుగు మీద కూడా కూర్చోకుండా దూరంగా వెళితే బాగుండునని ఉంది.

పండగ రోజు సాయంత్రం. బావ వంటింట్లో నేల మీద కూర్చుని, లుంగీ పైకి దోపుకుని, పెద్ద గిన్నెలో మోచేతులదాకా పెట్టి పెండలం మెదుపుతున్నాడు. కవ్వం ఇస్తే వద్దన్నాడు. మెదుపుతూ అత్త గురించే చెబుతున్నాడు. తొలిసారి జీలుగు చెట్టెక్కినప్పుడు కింద నిలబడి దిగేదాకా తిడుతూనే ఉందట. నేను నవ్వుతున్నాను. అక్కా, అప్పటిదాకా నేను బాగానే ఉన్నాను. ఆ వాసనకి నాకు మన ఇంటి వెనక చూరు కింద కూర్చున్నట్టే ఉంది.

బెల్లు మోగింది. హేమసుందర్ గారు, రిషిత గారు పాయసం పట్టుకుని వచ్చారు. చెప్పకుండా రావడం వాళ్ళకి అలవాటే. నేను వంటింటి తలుపు మూసే లోపలే ఆయన లోపలికి వచ్చేశారు.

"ఏంటి ధీరజ్, ఈ వాసనేంటి? ఫ్లాటులో ఏం సైడ్ బిజినెస్ పెట్టావ్?" అన్నారు. రిషిత గారు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. బావ లేచి నిలబడ్డాడు. చేతుల నిండా పిండి, నమస్కారం పెట్టడానికి లేదు, అందుకని నవ్వి, "రండి బాబూ, కూకోండి" అన్నాడు. నా ఇంట్లో నా అక్క మొగుడు వచ్చినవాళ్ళని కూర్చోమన్నాడు, అంతే.

"ఎవరీయన?" అన్నారు ఆయన.

"లేబరు క్యాంపు నుంచి పిలిపించాను. ఇల్లు శుభ్రం చెయ్యడానికి" అన్నాను.

ముందే అనుకుని ఉంచుకున్నట్టు వచ్చేసింది ఆ మాట. నా పేరు చివర రెడ్డి అని చూసి వీళ్ళంతా నన్ను తమవాణ్ణే అనుకున్నారు. నేను కొండరెడ్డినని చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. వచ్చి ఇన్నేళ్ళైంది, ఇక ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

ఆయన బావని ఏ ఊరు అని అడిగారు. మారేడుమిల్లి అవతల అని బావ చెప్పాడు. "ఏజెన్సీనా, ఇంకేం. నీ కిచెన్‌లో సారా కాచేస్తున్నాడయ్యా. చూసుకోవాలి కదా, రేపు నీ ఇకామా రద్దు చేసి దేశం దాటిస్తే ఎవరిది బాధ్యత?" అని నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వి, ఆ గిన్నె రెండు చేతులా ఎత్తుకుని బాత్రూములోకి తీసుకెళ్ళి, వాళ్ళు చూస్తుండగా పోసేశాను. ఎక్కడ పోశానో నువ్వు అడగకు. నీళ్ళు కూడా నేనే వదిలాను.

నేను తిరిగి వచ్చేసరికి బావ చీపురు, గుడ్డ తీసుకుని వంటింటి నేల తుడుస్తున్నాడు. నేను చెప్పిన అబద్ధం నిలబడాలని. వాళ్ళు హాల్లో పాయసం తిని, కబుర్లు చెప్పి లేచేదాకా తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. వెళుతూ హేమసుందర్ గారు పండగ అని ఆయన చేతిలో ఒక నోటు పెట్టారు. బావ తీసుకుని తల వంచాడు.

వాళ్ళు వెళ్ళాక నేను క్షమించమని కూడా అడగలేదు. బావే అన్నాడు, "పర్లేదు లే, అమ్మకి నేను మళ్ళీ ఎప్పుడైనా కలుపుతాను. మీ అక్కకి నేను చెప్పుకుంటా. నువ్వు బెంగెట్టుకోకు." ఆ రోజే రైలెక్కాడు. మెట్రో చూపించానని రాశాను కదా, అది ఆయన వచ్చిన రోజు. వెళ్ళేటప్పుడు స్టేషనుకి కూడా నేను దించలేదు. ఎవరైనా చూస్తారేమోనని కాదు అక్కా, ఆ బండిలో ఆయన పక్కన కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు.

నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

ధీరజ్


వెలగలోవ,
మే 31

ధీరజూ,

తిట్టమన్నావు. మూడు రోజులు తిట్టాను, కుండల్నీ కోళ్ళనీ. కాగితం మీద పెట్టేసరికి ఒక్క తిట్టూ రావడం లేదు.

నాకు సిగ్గుగా ఉంది. నీ గురించి ఒక్కటే కాదు. పెద్దకాపు నీ పేరు చెబుతుంటే నేను తలెత్తుకుని అందరి మొహాలూ చూశాను, నా తమ్ముడు చూశారా అని. ఆ మామిడి ముక్కలు నేనే అందరికీ పంచాను. అత్త నోరు ఎండిపోయి ఎక్కడో నిలబడి ఉంటే నేను ఆమె ఇంట్లో కొత్త పండు తిని చేతులు నాకాను. పిల్లలకి తెలియదు. నాకు తెలిసిన రోజునుంచి నేను మామిడి ముట్టడం లేదు. కడుపులో బాగాలేదని చెబుతున్నాను. ఆశా కార్యకర్త వచ్చి మాత్రలు ఇచ్చి వెళ్ళింది.

చినుకులు పడుతున్నాయి. పక్కవాళ్ళు పోడు కాల్చి విత్తనాలు దించేశారు. నా బుట్ట అటక మీదే ఉంది. ఎందుకు దించవు అని అడిగేవాళ్ళకి రోజుకో సాకు చెబుతున్నాను. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే ఈ ఏడు మనకి పంట లేదు. పెద్దకాపుకి నిజం చెబితే నీ పేరు ఈ ఊళ్ళో ఎవరూ తలవరు. చెప్పకపోతే అత్తకి తాగడానికి లేదు. ఆ రెండింటి మధ్య నన్ను నిలబెట్టావు.

హేమసుందర్ ఎవరో నాకు తెలియదు. మంచివాళ్ళు అని రాశావు, మంచివాళ్ళే అయి ఉంటారు. ఆయన అడిగింది ఎవరీయన అని. అది ఎవరైనా అడిగేదే కదా.

ఇప్పుడు చెప్పేది చెయ్యి. మీ బావని నీ ఇంటికి పిలవకు. ఆయన రానని అనడు, వస్తాడు, అందుకే పిలవొద్దంటున్నాను. బక్రీదు సెలవు ఉంటుంది కదా, నువ్వే హుఫూఫు వెళ్ళు. ఆ పదిమంది ఉన్న గదికే వెళ్ళు. ఆయన పెండలం కడగమంటే కడుగు, పొయ్యి ఊదమంటే ఊదు. అంతా అయ్యాక నాకు రాయి. ఆ తర్వాత నీతో మాట్లాడాలో లేదో నేను చూసుకుంటాను.

ఇంకొకటి. నాకు నిజం తెలిసిందని ఆయనకి చెప్పకు. నాకు తమ్ముడు మిగలాలని ఆయన ఆ పార్కూ చెట్టూ కల్పించాడు. పుట్టి బుద్ధెరిగి నాతో ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే. అది నేను నమ్మానని ఆయన్ని అనుకోనీ.

కన్నమ్మ


హుఫూఫ్,
జూన్ 7

అక్కా,

ముందు ఇది చదువు. పోశాడు. ఇవాళ పొద్దున్న, తియ్యగా ఉండగా, తన చేత్తో. ఈ కాగితం ఫొటో మేష్టారికి ఇప్పుడే పంపుతున్నాను, ఈసారి సంతరోజుదాకా ఆగకుండా కిందికి దిగి చూడమని పోయిన సంతనాడే ఆయన్ని ఫోనులో వేడుకున్నాను. విత్తనాల బుట్ట దించు. మామిడి ఇంకా మిగిలి ఉంటే తిను.

నిన్న మధ్యాహ్నం వచ్చాను. బావ చెట్టు మీద ఉన్నాడు, నడుముకి తాడు కట్టుకుని గెలలు సర్ది కడుతున్నాడు. నన్ను చూసి గబగబా దిగాడు. ఇంట్లో ఏమైనా జరిగిందేమోనని అనుకున్నాడట. ఏం లేదు, అత్తకి కుండ కలుపుదామని వచ్చాను అన్నాను. "మీకెందుకు బాబూ ఈ ఎండలో, చెబితే నేనే చేసుకునేవాణ్ణి కదా" అన్నాడు. ఎప్పుడూ నువ్వు, ధీరజూ అని పిలిచిన మనిషి.

పెండలం, మొలక చోళ్ళ పిండి నేను రియాదు నుంచే మోసుకొచ్చాను. తొక్క తీయడానికి కూర్చుంటే చాకు నా చేతిలోంచి తీసుకుని, ఒక అట్ట పరిచి, దాని మీద కూర్చోమన్నాడు. అట్ట పక్కకి తోసి నేల మీద కూర్చున్నాను. మళ్ళీ అట్ట తెచ్చి పెట్టాడు. పెండలం కడిగాను, పొయ్యి దగ్గర కూర్చున్నాను. మెదపడం ఆయనే. కవ్వం ఈసారి ఎవరూ ఇవ్వలేదు.

గదిలో వాళ్ళంతా చుట్టూ మూగారు. బంగ్లాదేశు వాళ్ళు ఇద్దరు రుచి చూడొచ్చా అని అడిగారు. నబీ రసూల్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఎవురప్పా ఈయన? ఆఫీసు నుంచి వచ్చినాడా?" అని బావని అడిగాడు. బావ ఏదో చెప్పబోయాడు. ఆయన నోట్లోంచి మాట రాకముందే నేను చెప్పాను. "వాళ్ళావిడకి తమ్ముణ్ణి. ఈయన మా బావ. మా మేనత్త పోయింది, ఆమె కోసం ఇది" అన్నాను. నబీ రసూల్ నా బూట్ల వంక, బావ చేతుల వంక చూసి, "ఇంత పెద్ద ఉద్యోగం చేసే బామ్మర్ది ఉండాడని ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. బావ తల వంచుకుని మెదుపుతూనే ఉన్నాడు.

చెప్పేస్తే తేలికైపోతుందనుకున్నాను. కాలేదు. ఒక్క వాక్యం చెప్పడానికి నాకు రియాదు నుంచి ఇంత దూరం రావాల్సి వచ్చింది, అదీ నన్నెరుగని మనుషుల ముందు. మా వీధిలో ఇంకా చెప్పలేదు. చెబుతానని నీకు మాటిచ్చే ధైర్యం కూడా ఇప్పుడు లేదు, ఇచ్చి తప్పిన మాటలు చాలు.

ఇవాళ ఎండెక్కక ముందే తోట చివరికి వెళ్ళాం, కాలువ పక్కన ముసలి ఖర్జూరం చెట్టు దగ్గరికి. నబీ రసూల్, ఇంకో నలుగురు కూడా వెంట వచ్చి, మర్యాదగా కొంచెం ఎడంగా నిలబడ్డారు. బావ చెప్పులు విడిచి గొంతుక్కూర్చుని పోయడం మొదలుపెట్టాడు. పోసేటప్పుడు ఇంటివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాలి కదా, వీళ్ళంతా నీకు పోస్తున్నారు అని. నీ పేరు చెప్పాడు. పాప పేరు, చిన్నవాడి పేరు చెప్పాడు. తన పేరు చెప్పుకున్నాడు. గిన్నెలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. అక్కడ ఆగాడు.

ఆగి, నా వైపు తిరిగి, వెనక ఉన్నవాళ్ళని ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "మీ పేరు చెప్పమంటారా బాబూ, వద్దా? అక్కడ మనుషులున్నారు."

ఆయన అడిగినదాంట్లో కోపం లేదక్కా. ఎత్తిపొడుపు లేదు. నా మేలు కోరే అడిగాడు. నన్ను పెంచిన మనిషికి నీళ్ళు వదిలే చోట నా పేరు పలకాలంటే నా అనుమతి కావాలని ఆయనకి నేనే నేర్పాను.

చెప్పు బావా అన్నాను. చెప్పాడు. అత్తకీ నాకూ మాత్రమే వినపడేలా చెప్పాడు.

ధీరజ్